సముద్రంలో ఉప్పు లేదన్నాడు

పెళ్లయినాక నేను నా మొగుడికంటే ముందు మొదటిసారి ముద్ద నోట్లో పెట్టుకున్న ఊరు ఒకటుంది. రామేశ్వరం.

మా వైపు ఆడవాళ్లం మగవాళ్లు తిని లేచిన ఆకులోనే తినేవాళ్లం. నేను చెబుతుంటే నా కూతురు ఇది రాస్తోంది. ఈ మాట దగ్గర కలం ఆపి, "ఇది గూడా రాయల్లామ్మా?" అంది. రాయమన్నాను. ఆయన లేచాక ఆ ఆకు ముందే నేను కూర్చునేదాన్ని. ఆకు చివర ఒక వడ తునకో, వేలెడు ముక్కో నాకోసం వదిలి లేచేవాడు. ఏమీ వదలకుండా లేచాడంటే ఆ పూట నా మీద కోపంగా ఉన్నాడని అర్థం. నాకు చదువు లేదు. సంతకం పెట్టడం ఒకటి నేర్పించారు. కానీ ఆకు చూస్తే ఆయన మనసు తెలిసేది.

ఆయన తిరుపతిలో బస్టాండు పక్కన భోజనాల హోటల్లో సాంబారు మాస్టరు. మాది వడమాలపేట. తెల్లారకముందే మొదటి బస్సుకు పోయేవాడు. కొండకు పోయేవాళ్లు, కొండ దిగినవాళ్లు, గుండ్లు గీయించుకున్నవాళ్లు, ఆకలి మీద వచ్చిన జనం తినే సాంబారు ఆయన చేతిది. గరిటె వెనకనుంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుక కొసతో అద్దుకునేవాడు. ఇంట్లో కూడా అంతే. నా కూరలో ఒక చుక్క అరచేతిలో వేసుకుని ఒక్క మాట చెప్పేవాడు. "ఉప్పు" అనేవాడు, లేదంటే "పులుపు" అనేవాడు. ఎప్పుడన్నా "చాలు" అనేవాడు. ఆ "చాలు" కోసమే నేను పొయ్యి ముందర కూర్చునేదాన్ని అంటే మీరు నమ్మరు.

ఆకువక్కలో పొగాకు వేసి దవడన పెట్టుకునే అలవాటు ఆయనది. వేడి పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు అది లేకపోతే పొద్దు పోదు అనేవాడు. ఆ దవడలోనే పుండు లేచింది. మద్రాసులో పెద్దాసుపత్రికి తీసుకుపోతే క్యాన్సరు, కరెంటు పెట్టాలన్నారు, పెట్టారు. పుండు మానింది. మానినందుకు ఊళ్లో అందరికీ బెల్లం పంచాను. ఆ బెల్లం గడ్డ నోట్లో వేసుకుని ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

"ఇది బెల్లమేనా?" అన్నాడు.

నోట్లో రుచి పోయింది. తీపి లేదు, పులుపు లేదు, ఉప్పు లేదు. ఉమ్మి కూడా ఊరేది కాదు. కారం మాత్రం రుచిగా కాదు, నిప్పుగా తెలిసేది. డాక్టరమ్మ చెప్పింది, కొందరికి నెమ్మదిగా తిరిగి వస్తుంది, కొందరికి రాదు, ఎట్లా ఉన్నా ఆయన తినాలి, తినకపోతే ఒళ్లు నిలవదు అని. ఒళ్లు చూస్తే అప్పటికే చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉన్నాడు. ఆయనకు తినిపించడం తప్ప ఇంక నాకు వేరే పని లేదు.

ఆయనకు ఇష్టమైనవన్నీ చేశాను. వంకాయ పులుసు, ఉలవచారు, రాగి సంగటి పలచగా కలిపి అందులో నెయ్యి. అన్నీ మెత్తగా పిసికి పెట్టేదాన్ని. ఒక ముద్ద పెట్టుకుని నమలడం ఆపేసేవాడు. కళ్లల్లో నీళ్లు తిరిగేవి. పక్కింట్లోనే ఆయన అక్క ఉండేది, నా ఆడబిడ్డ. మొగుడు పోయి తమ్ముడి అండన చేరిన మనిషి. ఆమె వచ్చి గడపలో నిలబడి అరిచేది. "నీ పెండ్లామేమన్నా యిసం పెడతాండాదా? మింగరా! నీళ్లు పోసుకోని మింగు!"

ఒకరోజు ఆకు పక్కకు తోసేశాడు. తోసి అన్న మాట ఇది, నేను మరిచిపోలేదు.

"తెలిసిన కూడు వద్దుమే నాకు. ఈ ఉలవచారు యెట్లుంటాదో నాకు తెలుసు. నోట్లో పెట్టుకుంటే అది రాదు. రాకపోయేకొద్దీ గొంతు మూసుకుంటాండాది. నేను పుట్టినాక నాలిక మీద యెన్నడూ పెట్టుకోని కూడు యాడన్నా ఉంటే ఆడికి పోదాం పా. దాని రుసి నాకు తెలీదు గదా. తెలీనిదాని కోసం యేడ్సాల్సిన పనుండదు."

పిచ్చి మాట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. మొగుడు పోయిన ఇంట్లో, తెలిసిన ఆకు ముందర ముద్ద ఎట్లా దిగదో నాకు ఇప్పుడు తెలుసు.

ఆయనతో పాటు హోటల్లో దోశెలు పోసే మాస్టరు రామనాథపురం వైపు మనిషి. ఖాళీ పొద్దున రామేశ్వరం సంగతులు చెప్పేవాడట. చుట్టూ సముద్రం, మధ్యలో ఊరు అనేవాడట. అక్కడ చేపను కొబ్బరిపాలల్లో ఉడికిస్తారని, తాటిబెల్లంతో కాఫీ కాస్తారని, సముద్రం పక్కనే ఇసక తవ్వితే మంచినీళ్లు వస్తాయని. "ఆడికే పోదాం" అన్నాడు ఈయన. రామేశ్వరం అనగానే ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు. జబ్బు నయమైంది, మొక్కు తీర్చుకోను పోతున్నారు అనుకున్నారు. కూతుర్ని తన దగ్గర ఉంచుకుని ఆడబిడ్డ బస్సు దాకా వచ్చింది.

"సముద్రంలో ముణిగినాక ఒక పిడికెడు ఇసక మూట కట్టుకోని రండి. దేవుడి దగ్గిర పెట్టుకుంటా. స్వామి తావుమే, నీసు ముట్టబాకండి" అని నాతో చెప్పి, తమ్ముడి వైపు తిరిగి, "నీకే చెప్తాండా, యినిపిస్తాండాదా?" అంది.

"నోరు పొయినోడికి నీసేంది, నియమమేంది అక్కా" అన్నాడు ఈయన.

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా వాళ్లు ఊరు దాటాలంటే ముందు సద్ది మూట కడతారు. కాశీకి పోయినా అంతే. నేను పులిహోర కట్టాను, రాగిపిండి వేయించి కట్టాను, చింతకాయ తొక్కు జాడీలో పెట్టాను, గొడ్డుకారం దంచి పొట్లం కట్టాను. మద్రాసు ఎగ్మోరు స్టేషన్లో ఆ మూట చూసి ఈయన కూర్చున్నవాడు లేచాడు. ప్లాట్‌ఫారం మీద ఒక కుటుంబం పిల్లలతో పడిగాపులు పడి ఉంటే, మూట మొత్తం వాళ్ల ముందర పెట్టి వచ్చాడు.

"అయ్యో, యెందుకిచ్చినావు? రేపు పొద్దున యేం తినాల?" అన్నాను.

"ఆ మూట ఇప్పితే మనం వడమాలపేటలోనే ఉంటాము. దానికి రైలెందుకు?" అన్నాడు.

అప్పటికింకా చిన్న పట్టాల రైలే. పొద్దున్నే సముద్రం మీద వంతెన వచ్చింది. రైలు నడిచినట్టు లేదు, పాకినట్టు పోయింది. కింద నీళ్లు తప్ప ఏమీ కనబడవు. నేను కళ్లు మూసుకుని కమ్మీ పట్టుకున్నాను. ఆయన కిటికీలోనుంచి మెడ బయటికి పెట్టి చూశాడు. కరెంటు పెట్టిన చోట మెడ చర్మం నల్లగా కమిలి ఉండేది. ఆ మెడ మీద సముద్రం గాలి తగులుతుంటే చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకున్నాడు.

దిగి సత్రంలో సంచులు పెట్టాం. గుడి ముందర సముద్రానికి పోయాం. జనం మునుగుతున్నారు, అయ్యవార్లు మంత్రాలు చెబుతున్నారు. ఈయన మునగలేదు. మోకాటి లోతున నిలబడి అరచేతిలో నీళ్లు తీసుకున్నాడు. సాంబారు చూసినట్టే నాలుక కొసతో అద్దుకున్నాడు. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఇంకోసారి తీసుకున్నాడు. ఈసారి పుక్కిలించి ఊశాడు. వచ్చి నా పక్కన ఇసకలో కూలబడ్డాడు.

"ఇంత సముద్రంలో ఉప్పు లేదుమే" అన్నాడు.

ఏమని చెప్పాలి? ఉంది అని చెప్పాలా? ఆయనకు తెలియదా ఉందని?

గుడిలోకి పోయి దండం పెట్టుకుని వచ్చాం. బావుల స్నానాలు వద్దన్నాను, చలి తగులుతుందని. గుడి చుట్టూ అంతా యాత్రికుల భోజనాలే. సాంబారు, రసం, అప్పడం. ఒక హోటలు ముందర నిలబడి వాసన చూసి, "ఇది మా హోటలే, పేరు మార్చినారు" అని నడవసాగాడు. అడిగి అడిగి జాలర్ల వీధికి పోయాం. తాటాకు పందిరి, కింద రెండు బల్లలు. వంట చేసేది ఒక ఆడమనిషి, నా వయసే ఉంటుంది, ముక్కుకు రెండు వైపులా పుడకలు. మా నగరి, పుత్తూరు వైపు అరవం అందరికీ వస్తుంది కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. ఏముందని అడిగితే చేపల పులుసు, నెత్తళ్ల వేపుడు, ఎండ్రకాయ కూర అంది. అన్నీ పెట్టమన్నాడు.

రెండు ఆకులు వేయబోతే ఒకటి చాలన్నాడు. ఆ ఆకు నా ముందరికి జరిపాడు.

"నువ్వు తిను ముందు" అన్నాడు.

"నేనా?"

"ఇంకెవురు? నాకు రుసి తెలీదు. నువ్వు తిని చెప్పు. అది యినుకుంటా నేను తింటా."

ఎదురుగా మొగుడు ఖాళీగా కూర్చుని చూస్తుంటే ఏ ఆడది తింటుంది? చుట్టూ చూశాను, మా వాళ్లెవరన్నా ఉన్నారేమోనని. సముద్రం అవతల మా వాళ్లెందుకుంటారు! వంటామె కూడా అక్కడే నిలబడి చూస్తోంది.

"ఏమక్కా, అన్నకు పెట్టకుండా నీకే ఆకు వేసుకున్నావే, మీ ఊళ్లో ఇట్లనా?" అని అడిగింది అరవంలో.

"మా ఊళ్లో ఇంతేనమ్మా. ఆడోళ్లు తిని మిగిలిస్తేనే మాకు" అన్నాడు ఈయన, మొహం అమాయకంగా పెట్టి.

"మంచి ఊరు. నా కూతురికి ఆ ఊళ్లో సంబంధముంటే చూడన్నా" అంది ఆమె.

ఆ నవ్వులో పడి ఎట్లానో ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. మింగాను.

"చెప్పు" అన్నాడు.

"బాగుండాది."

"బాగుండాదంటే? మా హోటల్లో చెయ్యి కడుక్కునే ప్రతోడూ బాగుండాదనే అంటాడు. ముందు నాలిక్కి తగిలిందేంది?"

ఆలోచించాను. "పులుపు. చింతపండు కాదు, పచ్చిమామిడి పులుపు."

"ఆమీట?"

"ఆమీట... కొబ్బరి. కొబ్బరి వచ్చి ఆ పులుపును గమ్మునుండమనింది."

"ఆమీట?"

"చేప. మన చెరువు చేప మాదిరి బురద వాసన లేదు. ఎట్ల చెప్పేదబ్బా! ఎండలో పెట్టిన ఇత్తడి బిందెలో నీళ్లు తాగితే ఉంటాది సూడు, అట్ల."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకునే నోరు తెరిచాడు. నేను ముల్లు తీసి, మెత్తటి చేప తునక అన్నంలో పిసికి ముద్ద పెట్టాను. కారానికి దగ్గు వచ్చింది, మొహం ఎర్రబడింది, నీళ్లు తాగాడు. మింగాడు. మళ్లీ "ఆమీట?" అన్నాడు.

వంటామె నవ్వడం ఆపేసింది. వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. ఏమిటని అడిగింది. చెప్పాను, నోట్లో పుండు, కరెంటు, రుచి పోయిన సంగతి. ఆమె నెత్తి మీద కొంగు సర్దుకుని లోపలికి పోయింది. కొబ్బరి తురిమిన చప్పుడు వినబడింది.

మరుసటి పూట మేం పోయేసరికి ఆమె వేరే గిన్నె పెట్టి ఉంది. చిక్కటి కొబ్బరిపాలు, అందులో చేప, కాస్త పసుపు, ఒక కరివేపాకు రెబ్బ, మిరపకాయ లేదు. ఇడియాప్పం ఆ పాలల్లో నానబెట్టింది. నూలు పోగుల్లాంటి ఆ ఇడియాప్పం నాలుక మీద పెడితే నమలాల్సిన పని లేదు, జారిపోతుంది. నేను ముందు తిని చెప్పాను. ఆయన వింటూ తిన్నాడు. గిన్నె సగం దాకా తిన్నాడు. కరెంటు పెట్టినాక ఆయన అంత తినడం నేను చూడలేదు.

అక్కడ ఉన్నన్నాళ్లు ఇదే మా పని. పొద్దున తాటిబెల్లం కాఫీ. "కాలిన చెరుకు పిప్పి వాసన, వెనకనించి తీపి" అని చెప్పాను. కణవ అని ఒకటి, ఎముక లేని చేప, నేను అంతకుముందు కంటితో చూడలేదు. "ముదిరిన ముంజికాయ నమిలినట్టుండాది, పళ్లకి చిక్కదు" అన్నాను. ఎండ్రకాయ కాలు విరిచి లోపలి కండ తిని, "చెరుకు గెణుపు దగ్గర ఉండే తీపి, అంతే ఉంటాది, ఎతికితే కనపడదు" అన్నాను. చెప్పగా చెప్పగా నాకు మాటలు వచ్చాయి. అన్నేళ్లు నేను వండాను, ఆయన చెప్పాడు. నా నాలుక మీద ఏముందని ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఆయన అడిగాడు. అడగడానికి ఆయన నోరు చావాల్సి వచ్చింది. ఆ సంతోషం వద్దని నేను ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ సంతోషం నాది కాబట్టి దాన్ని దాచిపెట్టను.

ఒకసారి నేను తిని ఆకు ఆయన వైపు జరపబోతే, ఆయనే లేచి వచ్చి నా చోట కూర్చున్నాడు. నన్ను పక్కకు జరగమన్నాడు. నేను తిన్న ఆకులో, నేను ఆ చివర ముల్లు తీసి పెట్టిన ముక్కలు ఒక్కొక్కటే తిన్నాడు. "ఇన్నేండ్లు నీకు నేను మిగిలిచ్చింది ఇంతేనా?" అని అడిగాడు. ఎంత మిగిల్చావో నాకు లెక్క లేదు అన్నాను. తల వంచుకుని తిన్నాడు. వంటామె అటు తిరిగి పొయ్యి ఊదుకుంది.

ధనుష్కోటి చూడకుండా పోకూడదన్నారు. ఇసక మీద నడిచే వ్యాను ఎక్కాం. తుఫానుకు పోయిన ఊరు అది. గోడలు, తలుపులు లేని గుమ్మాలు, చుట్టూ సముద్రం. కొందరు జాలర్లు గుడిసెలు వేసుకుని ఉన్నారు. చేపలు ఎండబెడుతున్న ముసలామె ఒకతె ఇసకలో గుంట తవ్వింది. మోచేతి లోతు కూడా లేదు. సముద్రం అలలు అక్కడికి నాలుగు బారల దూరం. గుంటలో నీళ్లు ఊరాయి. కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోసుకుంటోంది. ఈయన నిలబడి చూశాడు. చూసి నన్ను పిలిచాడు.

"తాగి చెప్పు."

చిప్పతో తాగాను. "ఉప్పు లేదు. సల్లగా ఉండాయి."

"ఆమీట?"

"నీళ్లకు ఆమీట యేముంటాది! నీళ్లే."

నా చేతిలో చిప్ప తీసుకున్నాడు. మిగిలినవి తాగాడు. మింగకుండా నోట్లో పెట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. గాలికి పంచె రెపరెపా కొట్టుకుంటోంది. మింగాడు.

"తియ్యగుండాయి గదే!" అన్నాడు.

"ఏంది?"

"తియ్యగుండాయిమే. నీకు తెలీలా? నీళ్లు తియ్యగుండాయి!"

ఇంకో చిప్ప తోడించుకున్నాడు. అది తాగి ఏమీ అనలేదు. ముసలామె దగ్గర ఇంకోటి అడిగాడు. ఆమె విసుక్కోకుండా పోసింది. నేను ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. నిజంగా వచ్చిందా? నా కోసం అన్నాడా? నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి తేలిపోతుందని భయం. ఇన్నేళ్లయినా నాకు తెలియదు. ఒక చిప్పెడు నీళ్ల తీపి ఒక్కసారి తగిలి పోయిందో, తగలకుండానే అన్నాడో.

ఆడబిడ్డ అడిగిన ఇసక నా చేతిగుడ్డలో మూట కట్టుకున్నాను. వంటామె తాటాకు పెట్టెలో తాటిబెల్లం ఇచ్చింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఆ కొబ్బరిపాల చేప ఎట్లా చెయ్యాలో చెప్పింది. పాలు పోసినాక మంట పెంచకూడదు, గరిటె పెట్టి కలపకూడదు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పాలి అని. "అన్నకు చేసి పెట్టు" అంది.

ఇంటికి వస్తే ఆడబిడ్డ ఇసక మూట కళ్లకద్దుకుంది. అద్దుకుని వాసన చూసింది.

"ఏమ్మే, ఇసక నీసు వాసనొస్తాండాదే?"

నేను నేల చూపులు చూశాను. ఈయన అందుకున్నాడు. "దేవుడి సముద్రమైతే మాత్రం చేపలుండవా అక్కా? వాటిని యాడికి పొమ్మంటావు?"

ఆమె మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. "తమ్ముడి బుగ్గన రొంత కండొచ్చినాది. యేం తిన్నారో నేనడగను" అని మూట దేవుడి దగ్గర పెట్టుకుంది.

ఆ కండ నిలవలేదు. కొన్నాళ్లు తిన్నాడు. నేను ముందు తినడం, చెప్పడం, ఆయన వినుకుంటూ తినడం. ఇంట్లో కూడా అట్లాగే చేశాం. ఆడబిడ్డ చూసి నోరు నొక్కుకుంది. హోటలుకు ఒకరోజు పోయాడు. గరిటె వెనకనుంచి అరచేతిలో చుక్క వేసుకుని, అక్కడున్న వాళ్లందరూ చూస్తుంటే, చెయ్యి కడుక్కుని వచ్చేశాడట. ఆ సంగతి ఆయన చెప్పలేదు, దోశెల మాస్టరు చెప్పాడు. తర్వాత మెడలో గడ్డ లేచింది. మళ్లీ మద్రాసు. ఈసారి డాక్టరమ్మ తినాలని చెప్పలేదు. ఇంటికి తీసుకుపోండి అంది.

కడపటి రోజుల్లో ముక్కులో గొట్టం పెట్టారు. దాంట్లో పాలు, జావ పోసేదాన్ని. మాట పడిపోయింది. నేను ఆయన మంచం పక్కన పీట వేసుకుని తినేదాన్ని. ఆయన అట్లా ఉంటే నాకు ముద్ద దిగుతుందా? దిగదు. కానీ నేను తినకపోతే చేత్తో మంచం పట్టె కొట్టేవాడు. తిని చెప్పాలి. చారన్నమైనా చెప్పాలి. "ముందు మిరియం తగిలింది" అనేదాన్ని. ఆయన చూపుడు వేలు కాస్త లేచేది. ఆమీట అని. "ఆమీట చింతపండు, ఆమీట నెయ్యి, నెయ్యి రొంత పాతది" అనేదాన్ని. ఆమీట ఏమీ లేకపోయినా ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని, ఆ వేలు లేవడం ఆగకూడదని. ఒక మధ్యాహ్నం చెబుతున్నాను. పెసరపప్పు సంగతి చెబుతున్నాను. వేలు లేవలేదు. నేను ఇంకాస్త చెప్పాను. చెప్పి చెప్పి చూశాను. పప్పు చల్లారిపోయింది.

పెద్దదినం నాడు ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టారు. వడలు, పాయసం, మాంసం, ఉలవచారు. మిద్దె మీద పెట్టి కాకి కోసం చూశారు. మా వాళ్లకు ఇది పెద్ద సంగతి. కాకి ముడితే పోయినవాడు తృప్తిగా తిన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. కాకి వచ్చింది, గోడ మీద కూర్చుంది, ఆకు వైపు చూసి ఎగిరిపోయింది. ఇంకొకటీ అంతే. ఆడబిడ్డ గుండెలు బాదుకుంది. "నీ పెండ్లాన్ని సూసుకుంటాము నాయనా! నీ కూతుర్ని సూసుకుంటాము! యేం తక్కువ సేసినాము, సెప్పరా!" అందరూ తలా ఒక మాట ఇచ్చారు. కాకి రాలేదు. ఆఖరికి మాంసం పక్కకు తీసి ఆకు ఆవుకు పెట్టారు. నన్ను మూలన కూర్చోబెట్టి ఉన్నారు, బొట్టు లేకుండా, కదలకూడదని. నాకు మాత్రం తెలుసు ఆయన ఎందుకు తినలేదో. అవన్నీ తెలిసిన కూడు. పైగా ఎవరూ తిని చెప్పలేదు.

ఏడాది తిరిగాక ఆయన పేరున ఆకు వేసే రోజు వచ్చింది. ఆ రోజు వంట నేనే చేస్తానన్నాను. పుత్తూరు సంతలో వంజరం చేప దొరికింది. కొబ్బరి తురిమి పాలు తీశాను. పొయ్యి తగ్గించి, గరిటె పెట్టకుండా, గిన్నె చెవులు పట్టుకుని తిప్పాను. ఆడబిడ్డ వచ్చి మూత తీసి చూసింది.

"చేపల్లో పాలు పోసినావా? పులుసు ఇరగ్గొట్టి కూసున్నావు. ఇదేం కూడుమే?"

"మీ తమ్ముడు రామేశ్వరంలో తిన్న కూడు."

ఆమె మూత వేయకుండా అట్లాగే పట్టుకుంది. ఆ ఇసక మూట సంగతి గుర్తొచ్చిందో ఏమో. "స్వామి తావులో..." అని ఆగిపోయింది.

పెద్దలకు పెట్టే వంట ఎవరూ రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా నాలుకకు తగలనివ్వకూడదు. వాసన చూడకూడదంటారు. ఎంగిలి పడితే పెద్దలు ముట్టరు. మా ఇంట్లో ముసలివాళ్లు నాకు మొదట నేర్పింది అదే. నేను ఆకు వేశాను. అన్నం పెట్టాను, చేప పెట్టాను. మిద్దె ఎక్కాను. ఆడబిడ్డ వెనకే వచ్చింది. ఆకు కింద పెట్టి, దాని ముందర కూర్చుని, ఒక ముద్ద కలిపి నా నోట్లో పెట్టుకున్నాను.

"అయ్యో అయ్యో! ఎంగిలి సేసినావా! నీకు మతి పోయిందా? ఇంగ వాడు ముట్టడు, పాపాత్మురాలా!" ఆమె నా రెక్క పట్టుకుని లాగింది.

"వదినా, నేను తిని చెప్పకపోతే తినడు. నువ్వు చూసినావు గదా!" అన్నాను.

ఆమె చూసింది. మంచం పక్కన పీట మీద నన్ను చూసింది, ఆ వేలు చూసింది. చెయ్యి వదిలేసింది. కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

కళ్లు మూసుకుని చెప్పాను. "ముందు కొబ్బరిపాల తీపి తగిలింది. ఉప్పు రొంత తక్కువైంది, నేను చూసుకోలా." చెప్పి ఆగాను.

ఆగింది ఎందుకంటే ఆయన అడగాలి. ఎప్పుడూ అంతే, అడిగితేనే నేను రెండోది చెప్పేది. కింద వీధిలో బస్సు పోయింది. ఆడబిడ్డ వెక్కుతోంది. కళ్లు తెరిస్తే గోడ మీద కాకి ఉంది. దిగింది, ముక్క తీసుకుంది. ఆడబిడ్డ రెండు చేతులెత్తి మొక్కింది. "తిన్నాడు! మా తమ్ముడు తిన్నాడు!" అని కిందికి వినబడేట్టు అరిచింది. ఆమెకు అది చాలింది. ఆమె బతికున్నన్నాళ్లు అందరికీ అదే చెప్పుకుంది.

నాకు చాలలేదు. కాకులు చేపముక్క ఎక్కడున్నా ఎత్తుకుపోతాయి. నేను రెండో రుచి నోట్లో పెట్టుకుని, చెప్పకుండా, అట్లాగే ఆకు ముందర కూర్చున్నాను. ఎవరూ ఆమీట అని అడగలేదు.